పేరుకు అబ్సల్యూట్ పాత్, వెళ్లేది మాత్రం మీరు నిలబడ్డ చెట్టు మొదలుకే

ప్రశ్న: నమస్తే మేడమ్. విజయవాడలో పుస్తకాలు పంపిణీ చేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. ఆర్డర్లు మాకు ఎక్స్‌ఎమ్‌ఎల్ (ట్యాగులతో రాసిన డేటా) ఫైళ్లుగా వస్తాయి. వెలలూ డిస్కౌంట్లూ ఇంకో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఉంటాయి. రెండింటినీ కలిపి బిల్లు తయారుచేసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వేరే రూపంలోకి మార్చే నియమాల ఫైలు) ఈమధ్యే నా చేతికి వచ్చింది. కస్టమర్ ఏ వర్గమో తెలుసుకోవడానికి స్లాష్‌తో మొదలయ్యే పాత్ (డేటాలో కావాల్సింది ఎక్కడుందో చెప్పే దారి) ఒకటి రాశాను. బిల్లు పైభాగంలో అది చక్కగా పనిచేస్తోంది. పుస్తకాల వరుసల్లోకి వచ్చేసరికి అదే పాత్ ఖాళీ. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లైబ్రరీలకు ఇవ్వాల్సిన డిస్కౌంట్ మాత్రం పడటం లేదు. ఆఫీసులో పెద్దవాళ్లు రెండు స్లాష్‌లు పెట్టి చూడమన్నారు. పెట్టాను, అప్పుడూ ఖాళీయే. స్లాష్ అంటే ఫైలు మొదలు కదా, ఎక్కడ రాసినా ఒకేలా ఉండాలి కదా? స్టైల్‌షీట్‌ను మేం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రోగ్రాంతో నడుపుతాం. పాత స్టైల్‌షీట్‌లో ఇలాంటి స్లాష్‌లు వందల్లో ఉన్నాయి. అన్నీ మార్చాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అన్నీ మార్చనక్కర్లేదమ్మా. అయితే ఏవి మార్చాలో, ఏవి వదిలేయాలో తెలియాలంటే మీ ఉత్తరంలోని ఒక వాక్యాన్ని ముందు సరిచేసుకోవాలి. "స్లాష్ అంటే ఫైలు మొదలు" అన్నారు. ఏ ఫైలు మొదలు? మీ స్టైల్‌షీట్ నడుస్తున్నప్పుడు మెమరీలో ఉండేది ఒక్క ఫైలే కాదు, కనీసం రెండున్నాయి. ఆర్డర్ ఒక చెట్టు, ధరల పట్టిక ఇంకో చెట్టు. స్లాష్ వీటిలో దేని మొదలుకు వెళ్లాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. నిర్ణయించేది మీరు ఆ క్షణంలో నిలబడి ఉన్న నోడ్, అంటే చెట్టులో మీరున్న చోటు. దాన్నే కాంటెక్స్ట్ నోడ్ అంటారు.

ఈ పాత్‌లు రాసే భాష పేరు ఎక్స్‌పాత్. దాని 1.0 ప్రమాణం 1999 నవంబర్ 16న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0తో పాటే వచ్చింది. స్లాష్ గురించి అందులో ఉన్న సంగతి చిన్నదే: ఒంటి స్లాష్, కాంటెక్స్ట్ నోడ్ ఉన్న డాక్యుమెంట్ రూట్‌ను (చెట్టు మొదలును) ఎంచుకుంటుంది. "ఇన్‌పుట్ ఫైలు రూట్" అని గానీ "ప్రధాన డాక్యుమెంట్ రూట్" అని గానీ అక్కడ లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఎక్స్‌పాత్‌కు స్టైల్‌షీట్ అనేది ఒకటుందని తెలియదు. దాన్ని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకీ, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోని భాగాలను సూచించే ఎక్స్‌పాయింటర్‌కూ రెంటికీ పనికొచ్చేలా వేరే భాషగా తయారుచేశారు. మీరు ఏ ఫైలు పేరు ఇచ్చి ప్రోగ్రాం మొదలుపెట్టారన్నది దానికి పట్టని విషయం. నువ్వెక్కడున్నావు అన్నదొక్కటే దాని ప్రశ్న.

పక్కింట్లో కూర్చుని "ఇంటి పెద్దను ఒకసారి పిలుస్తారా" అంటే పక్కింటి పెద్దే వస్తారు, మీ నాన్నగారు రారు. మీ స్లాష్‌కు జరిగింది అంతే.

మీరు పంపిన ఫైళ్లను కుదించి కింద రాస్తున్నాను. ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టాను. ఇది చదవడానికి వీలుగా చేసిన మార్పే అయినా, ఎక్స్‌ఎమ్‌ఎల్ పేర్లలో తెలుగు అక్షరాలు నిజంగానే చెల్లుతాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సొంత మాటలను మాత్రం పలికినట్టు రాస్తున్నాను, మీ ఎడిటర్‌లో అవి అసలు స్పెల్లింగ్‌లోనే ఉండాలి.

<ఆర్డర్ నంబరు="417">
  <కస్టమర్ వర్గం="లైబ్రరీ"/>
  <పుస్తకం కోడ్="క12" ప్రతులు="40"/>
  <పుస్తకం కోడ్="చ07" ప్రతులు="15"/>
</ఆర్డర్>

<ధరలు>
  <డిస్కౌంట్ వర్గం="లైబ్రరీ" శాతం="20"/>
  <డిస్కౌంట్ వర్గం="దుకాణం" శాతం="30"/>
  <పుస్తకం కోడ్="క12" వెల="150"/>
  <పుస్తకం కోడ్="చ07" వెల="220"/>
</ధరలు>

మీ పుస్తకం టెంప్లేట్ (పుస్తకం నోడ్ వచ్చినప్పుడు నడిచే నియమం) చేసే పని ఇది. ముందు $కోడ్ అనే వేరియబుల్‌లో @కోడ్ (ఆ పుస్తకం ట్యాగులోని కోడ్ విలువ) దాచుకుంటారు. తర్వాత, దొరికిన ప్రతి నోడ్ దగ్గరా లోపలి పని చేసే ఫర్-ఈచ్‌లో ఈ పాత్ ఇస్తారు:

డాక్యుమెంట్('ధరల-ఫైలు')/ధరలు/పుస్తకం[@కోడ్ = $కోడ్]

డాక్యుమెంట్() ఆ ఫైలును ఇంకో చెట్టుగా తెరుస్తుంది. ఆ ఫర్-ఈచ్ లోపల @వెల తీసుకుంటారు. అక్కడే ఒక ఇఫ్ పెట్టి, దాని టెస్ట్‌లో ఇలా అడుగుతారు:

/ఆర్డర్/కస్టమర్/@వర్గం = 'లైబ్రరీ'

ఫర్-ఈచ్ గడప దాటగానే మీరు ధరల చెట్టులో ఉన్నారు. కాంటెక్స్ట్ నోడ్ ఇప్పుడు ధరల ఫైలులోని పుస్తకం. అక్కడి నుంచి స్లాష్ కొడితే ధరల డాక్యుమెంట్ మొదలుకు వెళ్తారు. దాని కింద ఉన్న ఎలిమెంట్ ధరలు, ఆర్డర్ కాదు. కాబట్టి ఆ పాత్‌కు దొరికేది సున్నా నోడ్లు. రెండు స్లాష్‌లు పెట్టినా బయల్దేరేది అదే మొదలు నుంచి. చెట్టంతా గాలించి వస్తుంది, అంతే తేడా. లేని కస్టమర్‌ను ఎంత వెతికినా దొరకడు, ఫైలు పెద్దదైతే వెతుకులాటకు సమయం కూడా వృథా.

ఇక్కడ మీరు గమనించాలని నేను గట్టిగా కోరుకునే విషయం ఒకటుంది. @కోడ్‌ను మీరు ఫర్-ఈచ్ బయటే వేరియబుల్‌లో దాచుకున్నారు. ఎందుకు? చదరపు బ్రాకెట్లలోకి వెళ్లాక @కోడ్ అంటే ధరల పుస్తకం కోడ్ అయిపోతుందని మీకు తెలుసు కాబట్టి. అంటే కాంటెక్స్ట్ మారుతుందన్న సంగతి మీకు కొత్త కాదు. స్లాష్ లేని పాత్‌ల దగ్గర మీరు జాగ్రత్తగానే ఉన్నారు, స్లాష్ ఉన్నవాటి దగ్గర ఆ జాగ్రత్త వదిలేశారు. తప్పు పూర్తిగా మీది కాదు. దానికి పెట్టిన పేరే అబ్సల్యూట్ పాత్. ఆ పేరు వినగానే యూనిక్స్ డైరెక్టరీలు గుర్తొస్తాయి. అక్కడ రూట్ సాధారణంగా ఒక్కటే, ఏ ఫోల్డర్‌లో ఉన్నా స్లాష్ అర్థం మారదు. ఎక్స్‌పాత్‌లో మాత్రం స్లాష్‌తో మొదలయ్యే పాత్ ఒక చెట్టు లోపలే అబ్సల్యూట్. చెట్టు మారితే అదీ మారుతుంది.

ఎర్రర్ ఎందుకు రాలేదని అడిగారు. ఎక్స్‌పాత్‌లో దొరక్కపోవడం తప్పు కాదు, అదీ ఒక జవాబే. ఖాళీ నోడ్‌సెట్‌ను, అంటే ఒక్క నోడూ లేని ఫలితాన్ని, అచ్చు వేస్తే ఏమీ పడదు. ఏ మాటతోనైనా, అంకెతోనైనా పోలిస్తే అబద్ధమని వస్తుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది: ఖాళీ నోడ్‌సెట్‌ను సమానమా అని అడిగినా అబద్ధమే, సమానం కాదా అని అడిగినా అబద్ధమే. అందుకే టెస్ట్‌ను తిరగేసి రాసి చూసినా మీకు తేడా కనపడదు. లెక్కల్లో వాడితే 1.0లో బిల్లు మీద నాన్ ('అంకె కాదు') అనే మాట పడుతుంది, కనీసం అప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు. మీ విషయంలో ఇఫ్ మౌనంగా పక్కకు తప్పుకుని పూర్తి వెల వేసేసింది. చూడటానికి బిల్లు బాగానే ఉంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ రకం తప్పే.

కాంటెక్స్ట్‌ను ఏవి మారుస్తాయి, ఏవి మార్చవు అన్నది పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. ఫర్-ఈచ్ మారుస్తుంది. ఒక్కో నోడ్‌కు సరిపోయే టెంప్లేట్‌ను నడిపే అప్లై-టెంప్లేట్స్ మారుస్తుంది. ఇఫ్, చూజ్, వేరియబుల్ మార్చవు. కాల్-టెంప్లేట్ కూడా మార్చదు. ఈ చివరిది వినడానికి మంచి సంగతిలా ఉంటుంది గానీ, చిక్కంతా అక్కడే. పేరు పెట్టి పిలిచే టెంప్లేట్ తనను పిలిచినవాళ్ల కాంటెక్స్ట్‌తోనే నడుస్తుంది. దాని లోపల స్లాష్ పాత్ ఉంటే, బిల్లు పైభాగం నుంచి పిలిచినప్పుడు ఆర్డర్ చెట్టుకు వెళ్తుంది, ధరల ఫర్-ఈచ్ లోపల నుంచి పిలిచినప్పుడు ధరల చెట్టుకు వెళ్తుంది. లైను అదే, టెంప్లేట్ అదే, జవాబులు రెండు. మీ పాత స్టైల్‌షీట్‌లో పేరున్న టెంప్లేట్లు ఉంటే వాటిని ముందుగా చూడండి.

అన్నిటికన్నా కనపడనిది చదరపు బ్రాకెట్లు. ఫర్-ఈచ్ ఉంటే కంటికి తెలుస్తుంది, ఇక్కడ అదీ ఉండదు. ఈ పాత్ చూడండి:

డాక్యుమెంట్('ధరల-ఫైలు')/ధరలు/డిస్కౌంట్[@వర్గం = /ఆర్డర్/కస్టమర్/@వర్గం]/@శాతం

తెలుగులో చదివితే ఎంతో సబబుగా ఉంది: "ఆర్డర్‌లోని కస్టమర్ వర్గానికి సరిపోయే డిస్కౌంట్ శాతం". దీన్ని ఆర్డర్ టెంప్లేట్‌లో, ఏ ఫర్-ఈచ్ లేకుండా రాసినా ఖాళీయే వస్తుంది. బ్రాకెట్ల లోపల కాంటెక్స్ట్ నోడ్ డిస్కౌంట్ ఎలిమెంట్. అది ధరల చెట్టులోది. లోపలి స్లాష్ ధరల మొదలుకే వెళ్తుంది. ఒకే వరుసలో ఉన్నా, బ్రాకెట్ బయటి ప్రపంచం వేరు, లోపలి ప్రపంచం వేరు. బయటి నోడ్ కావాలంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఇచ్చిన కరెంట్() వాడుకోవచ్చు. అది బ్రాకెట్లతో మారదు, టెంప్లేట్ లేదా ఫర్-ఈచ్ నిలబెట్టిన నోడ్‌నే చూపిస్తుంది. ఆర్డర్ టెంప్లేట్‌లో అయితే [@వర్గం = కరెంట్()/కస్టమర్/@వర్గం] అంటే సరిపోతుంది. ఫర్-ఈచ్ లోపల ఇంకో ఫర్-ఈచ్ ఉంటే కరెంట్() లోపలి దాన్ని చూపిస్తుందని మరచిపోకండి.

ఇక మందు. ఎక్కువమంది చెప్పేది స్టైల్‌షీట్ పైన, టెంప్లేట్లన్నిటి బయట, ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టమని: పేరు మూలం, సెలెక్ట్ ఒంటి స్లాష్. తర్వాత ఎక్కడి నుంచైనా $మూలం/ఆర్డర్/కస్టమర్/@వర్గం అని రాస్తే ఆర్డర్ ఫైలుకే వెళ్తుంది. "ఆ వేరియబుల్‌ను ధరల చెట్టులో ఉండగా వాడితే దాని స్లాష్ కూడా మారిపోదా" అని భయపడేవాళ్లను చూశాను. మారదు. గ్లోబల్ వేరియబుల్ విలువను ఎప్పుడు లెక్కకట్టినా, మీరిచ్చిన అసలు ఇన్‌పుట్ డాక్యుమెంట్ రూట్‌ను కాంటెక్స్ట్‌గా తీసుకునే లెక్కకట్టాలని 1.0 ప్రమాణమే చెబుతోంది. అదే వేరియబుల్‌ను ఫర్-ఈచ్ లోపల పెడితే మాత్రం రోగం తిరగబెడుతుంది, అక్కడి స్లాష్ అక్కడిదే.

ఇది పనిచేస్తుంది. అయినా మీ పనికి నేను ఇది సూచించను. మీకు కావాల్సింది "ప్రధాన ఫైలు" కాదు, "ఈ పుస్తకం ఏ ఆర్డర్‌లో ఉందో ఆ ఆర్డర్ కస్టమర్". ఈ రెండూ ఇవాళ ఒకటే. రేపు పది ఆర్డర్లను ఒక పెద్ద ఫైలులో కట్టి పంపిస్తామని మీ సంస్థ అంటే, పైన ఆర్డర్లు అనే ఎలిమెంట్ వస్తుంది, $మూలం/ఆర్డర్ ఖాళీ అవుతుంది. దాన్ని $మూలం/ఆర్డర్లు/ఆర్డర్ అని సర్దితే ఇంకా ప్రమాదం. పోలికలో పది వర్గాల్లో ఒక్కటి లైబ్రరీ అయినా చాలు, నిజమని వచ్చేస్తుంది, దుకాణాలకు కూడా లైబ్రరీ డిస్కౌంట్ పడుతుంది. అందుకని మీ మనసులో ఉన్న అర్థాన్నే రాయండి. పుస్తకం టెంప్లేట్‌లో, ఫర్-ఈచ్‌కు ముందు, $కోడ్ పక్కనే ఇంకో వేరియబుల్ పెట్టండి. పేరు వర్గం, సెలెక్ట్ ఇది:

../కస్టమర్/@వర్గం

ఆ రెండు చుక్కలు ఈ పుస్తకం తల్లి నోడ్ అయిన ఆర్డర్‌కు తీసుకెళ్తాయి. మధ్యలో ఇంకో ఎలిమెంట్ వచ్చే అవకాశం ఉంటే యాన్సెస్టర్::ఆర్డర్/కస్టమర్/@వర్గం అని రాసుకోండి. పది ఆర్డర్లున్నా, వంద ఉన్నా ప్రతి పుస్తకం తన ఆర్డర్‌నే వెతుక్కుంటుంది. ఆ తర్వాత ఫర్-ఈచ్ లోపల డిస్కౌంట్ శాతం కోసం ఇలా రాయొచ్చు:

/ధరలు/డిస్కౌంట్[@వర్గం = $వర్గం]/@శాతం

చూశారా, ఇందాక మిమ్మల్ని ముంచిన స్లాషే ఇప్పుడు మీకు పనిచేస్తోంది. మీరు ధరల చెట్టులో ఉన్నారు కాబట్టి అది ధరల మొదలుకు వెళ్తుంది, ఫైలు పేరు మళ్లీ రాయనక్కర్లేదు. ఇరవై శాతం అని ఇఫ్‌లో చేత్తో రాసిన అంకె కూడా తీసేయొచ్చు, ధరల ఫైలులో ఎంతుంటే అంత పడుతుంది.

విలువ ఇస్తే సూచికలా నోడ్‌ను తెచ్చిచ్చే కీ ఫంక్షన్ గురించి మీరు అడగలేదు గానీ, ధరల ఫైలు పెరిగిన రోజున దాని దగ్గరకు వెళ్లక తప్పదు, అందుకని చెబుతున్నాను. కీ() కూడా స్లాష్ లాంటిదే. 1.0లో అది కాంటెక్స్ట్ నోడ్ ఉన్న డాక్యుమెంట్‌లోనే వెతుకుతుంది. ఆర్డర్ చెట్టులో నిలబడి ధరల కీ అడిగితే ధరల ఫైలును చూడను కూడా చూడదు. పైగా మీ రెండు ఫైళ్లలోనూ పుస్తకం అనే ఎలిమెంట్ ఉంది కాబట్టి, ఆర్డర్‌లోని పుస్తకాన్నే తెచ్చి చేతిలో పెట్టొచ్చు, దానికి వెల ఉండదు. అందుకే 1.0లో చాలాకాలంగా ఒక అలవాటుంది: డాక్యుమెంట్('ధరల-ఫైలు') మీద ఒక ఫర్-ఈచ్ వేసి, కేవలం చెట్టు మారడం కోసమే లోపలికి వెళ్లి, అక్కడ కీ() పిలవడం. ఈ అలవాటున్న స్టైల్‌షీట్‌లో ఆ ఫర్-ఈచ్ లోపలి స్లాష్‌లన్నీ అనుమానించదగ్గవే. 2007 జనవరిలో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0లో కీ()కి మూడో ఆర్గ్యుమెంట్ ఇచ్చారు, ఏ చెట్టులో వెతకాలో అక్కడే చెప్పొచ్చు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండానే పని జరుగుతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ 1.0కే పరిమితం కాబట్టి ఈ సౌకర్యం మీకు ప్రస్తుతానికి లేదు. 2.0ను నడిపే శాక్సన్ అనే ప్రోగ్రాంకు మారితే ఉంటుంది.

చెట్లు ఫైళ్ల నుంచే రావాలని లేదు. వేరియబుల్ లోపల మీరే ఎలిమెంట్లు కట్టి, వాటిని మళ్లీ నడిపిస్తే అదీ ఒక చెట్టే, దానికీ సొంత రూట్ ఉంటుంది. 1.0లో దాన్ని నోడ్‌సెట్‌గా మార్చే ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్ కావాలి, 2.0లో అక్కర్లేదు. ఇది నేను నా పనిలో నేర్చుకున్నాను. అప్పట్లో నేను పనిచేసిన చోట ఒక కేటలాగును విషయాలవారీగా పేర్చే పని పడింది. పేర్చిన వరుసను వేరియబుల్‌లో పెట్టి, ఆ వేరియబుల్ మీదే అప్లై-టెంప్లేట్స్ వేశాను. కేటలాగు శీర్షిక మధ్యలో మళ్లీ అచ్చయింది, దాని కింద మళ్లీ, మళ్లీ, ప్రాసెసర్ లోతు ఎక్కువైందని చెప్పి ఆగిపోయేదాకా. మ్యాచ్‌లో (టెంప్లేట్ ఏ నోడ్లకు వర్తిస్తుందో చెప్పే చోట) ఒంటి స్లాష్ ఉన్న టెంప్లేట్ అసలు ఫైలుకు మాత్రమే పట్టుకుంటుందని నేను అనుకున్నాను. అది ఏ రూట్‌కైనా పట్టుకుంటుంది. వేరియబుల్ చెట్టు రూట్ దాని చేతికి చిక్కి, అది మళ్లీ పేర్చడం మొదలుపెట్టి, మళ్లీ వేరియబుల్, మళ్లీ రూట్. రెండు రోజులు పట్టింది నాకు ఇది తెలియడానికి. పరిష్కారం ఒక్క మాట: రెండో విడత నడకకు వేరే మోడ్ పెట్టడం, అంటే ఆ విడతకు వేరే టెంప్లేట్ల జట్టును కేటాయించడం. మీరు ఎప్పుడైనా ధరల డాక్యుమెంట్ మీద నేరుగా అప్లై-టెంప్లేట్స్ వేసినా ఇదే జరుగుతుంది, అక్కడా మోడ్ పెట్టుకోండి.

మ్యాచ్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మ్యాచ్‌లో రాసే స్లాష్‌కు ఇప్పటిదాకా చెప్పిన బెడద లేదు. అక్కడ పాత్ ఎక్కడి నుంచో బయల్దేరి నోడ్‌ను వెతకదు. చేతిలో ఉన్న నోడ్ నుంచి పైకి చూసి సరిపోయిందా లేదా అని పరీక్షిస్తుంది. మ్యాచ్‌లో /ధరలు/పుస్తకం అని రాస్తే ధరల చెట్టు పుస్తకాలకు మాత్రమే పడుతుంది, ఊరికే పుస్తకం అని రాస్తే రెండు చెట్ల పుస్తకాలకూ పడుతుంది. రెండు ఫైళ్లలో ఒకే పేరున్న మీలాంటి చోట్ల ఇది చాలా ఉపయోగం. రెండు టెంప్లేట్లూ సరిపోతే ఏది నడవాలన్న ప్రాధాన్యం గురించి బెంగ వద్దు. ఉత్త పేరుకు 0, దారితో ఉన్నదానికి 0.5 కాబట్టి దారితో ఉన్నదే గెలుస్తుంది.

2.0కి మారితే స్లాష్ కొన్నిచోట్ల నోరు తెరిచి అరుస్తుంది, అది మంచిదే. మీరే రాసుకునే ఎక్స్‌ఎస్‌ఎల్ ఫంక్షన్ లోపల కాంటెక్స్ట్ అనేదే ఉండదు, అక్కడ స్లాష్ రాస్తే ఎక్స్‌పీడీవై 0002 ఎర్రర్ వస్తుంది. కామాలతో ఉన్న మాటను టోకెనైజ్ చేసి (ముక్కలుగా విడగొట్టి) ఫర్-ఈచ్ వేస్తే కాంటెక్స్ట్ ఒక స్ట్రింగ్, దానికి చెట్టు లేదు, అక్కడా ఎర్రరే. రెంటికీ మందు ఒకటే: కావాల్సిన నోడ్‌ను పారామీటర్‌గానో వేరియబుల్‌గానో తీసుకెళ్లడం.

ఎక్కడ ఉన్నారో తెలియనప్పుడు ఊహించకండి, ప్రాసెసర్‌నే అడగండి. అనుమానం ఉన్నచోట ఒక ఎక్స్‌ఎస్‌ఎల్ మెసేజ్ పెట్టి, దాని లోపల వాల్యూ-ఆఫ్‌లో ఇది రాయండి:

నేమ్(/*)

ఆ చెట్టు పై ఎలిమెంట్ పేరు తెర మీద పడుతుంది, బిల్లులో కలవదు. ఆర్డర్ అని వస్తే ఆర్డర్ చెట్టు, ధరలు అని వస్తే ధరల చెట్టు. ఒకవేళ ఆర్డర్ అనే వచ్చి కూడా /ఆర్డర్/కస్టమర్ ఖాళీ అయితే, సమస్య కాంటెక్స్ట్‌ది కాదు, నేమ్‌స్పేస్‌ది, అంటే ట్యాగు పేరు వెనక ఉండే ఇంటిపేరు లాంటిదానిది. పై ఎలిమెంట్‌కు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉందేమో చూసి, స్టైల్‌షీట్‌లో దానికో ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే గుర్తు) కట్టి పాత్‌లో వాడండి. ఈ రెండు రోగాల లక్షణం ఒకటే కావడం వల్ల చాలామంది ఒకదానికి ఇంకోదాని మందు వేస్తుంటారు.

మీ వందల స్లాష్‌ల సంగతి. మ్యాచ్‌లో ఉన్నవాటిని ముట్టుకోవద్దు. డాక్యుమెంట్() గానీ, కట్టిన వేరియబుల్ చెట్టు గానీ దరిదాపుల్లో లేని టెంప్లేట్లలోని స్లాష్‌లనూ వదిలేయండి, అవి ఆర్డర్ చెట్టు దాటవు. ముందు స్టైల్‌షీట్‌లో డాక్యుమెంట్() ఎక్కడెక్కడ ఉందో వెతకండి, మీలాంటి చోట అవి పదికి మించి ఉండకపోవచ్చు. ఒక్కోదాని దగ్గర ఆగి, అక్కడి ఫర్-ఈచ్ లోపలి స్లాష్‌లు, ఆ పాత్ బ్రాకెట్లలోని స్లాష్‌లు, అక్కడి నుంచి పిలిచే పేరున్న టెంప్లేట్లలోని స్లాష్‌లు చూడండి. అప్లై-టెంప్లేట్స్‌తో ధరల నోడ్లను పంపిస్తుంటే, వాటిని అందుకునే టెంప్లేట్లనూ చూడండి. మార్చాల్సినవి అక్కడే ఉంటాయి. మార్చిన ప్రతిచోటా పాత బిల్లునూ కొత్త బిల్లునూ పక్కపక్కన పెట్టి తేడా చూసుకుంటూ వెళ్లండి.

పరీక్షకు పై ఆర్డర్‌నే వాడుకోండి. క12 నలభై ప్రతులు 6000, చ07 పదిహేను ప్రతులు 3300, మొత్తం 9300. లైబ్రరీ వర్గంతో నడిపితే 4800, 2640 పడి 7440 రావాలి. వర్గాన్ని దుకాణం అని మార్చి నడిపితే 4200, 2310 పడి 6510 రావాలి. తర్వాత రెండు ఆర్డర్లనూ ఒకే ఫైలులో పెట్టి మళ్లీ నడపండి, ఏ ఆర్డర్ లెక్క దానికే రావాలి. ఎక్కడైనా 9300 కనపడితే ఇంకా ఒక స్లాష్ పక్కింట్లోనే ఉన్నట్టు.

ఒక్క మాట మిగిలింది. ఈ స్టైల్‌షీట్ మీ చేతికి వచ్చినప్పటి నుంచి వెళ్లిన బిల్లుల్లో లైబ్రరీలవి ఉంటే, అవి డిస్కౌంట్ లేకుండానే వెళ్లి ఉంటాయి. గ్రామాల్లో, చిన్న ఊళ్లలో లైబ్రరీలకు పుస్తకాల పద్దు ఎంత చిన్నదో మీకు తెలుసు. పాత ఆర్డర్ ఫైళ్లు మీ దగ్గరే ఉన్నాయి కదా, సరిచేసిన స్టైల్‌షీట్‌తో వాటిని మళ్లీ నడిపి, తేడా వచ్చిన నంబర్ల జాబితా ఈ వారమే మీ అకౌంట్స్ వాళ్లకు ఇవ్వండి.